అంగిట్లో పొలుసు

చేపలమ్మే మనిషికి చేపల కంపు తెలియదు. తెలిసిన రోజున అమ్మలేదు.

ధనకొండ పెళ్ళికి ముందు నుంచీ ఎండు చేపలమ్మిన మనిషి. గోదావరి మొగ దగ్గరి పల్లెలు ఒక్కొక్కటే సముద్రం కిందికి పోయి, మిగిలిన జనాన్ని దేశాలు తలా కొంత పంచుకున్నప్పుడు, వాళ్ళ వాటాకి వచ్చింది ఈ స్కార్విక్ రేవు. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ విప్పనివ్వని ఊరు. ఆ ఊళ్ళో ధనకొండకి కలిసొచ్చింది ఒక్కటే. అక్కడా చేపలున్నాయి, వాటిని ఎండబెట్టి తినే జనమూ ఉన్నారు.

కాబట్టి ఆ మధ్యాహ్నం కూతురు వేణి ముద్దని నోటి దాకా తెచ్చి మొహం తిప్పేసుకున్నప్పుడు, ధనకొండ ముందుగా అనుమానించింది సరుకుని. నెత్తళ్ళ పులుసు గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ ముక్కుకి ఏం తెలుస్తుంది?

"పులుసు బాగానే ఉందమ్మా. నా నోరే బాలేదు," అంది వేణి.

"నోట్లో ఏటుందే?"

"పొద్దున్న ఆసుపత్రిలో మాట్లాడిన మనిషి. ఇంకా పోలేదు."

ధనకొండ గిన్నె మీద మూత పెట్టేసింది. సరుకులో లోపం లేదు. అంతవరకు లెక్క తేలింది.

వేణికి పన్నెండేళ్ళు. ఓడ మెట్లు దిగి ఈ గడ్డ మీద కాలుపెట్టిన నాటి నుంచీ ఆ ఇంటికి నోరు ఆ పిల్లే. బడిలో వేసిన కొన్నాళ్ళకే ఆ దేశపు భాష పట్టేసింది. రేషను వాళ్ళు వస్తే ఆ పిల్ల, మందుల షాపుకెళ్తే ఆ పిల్ల, పక్కింటి అప్పయ్యమ్మకి పన్ను నొప్పొస్తే ఆ పిల్ల. పెద్దవాళ్ళ వెనక నిలబడాల్సిన వయసులో పెద్దవాళ్ళ ముందు నిలబడేది. అప్పయ్యమ్మ అంటూ ఉండేది, "నీ కూతురు లేకపోతే మన ఓడంతా మూగోళ్ళ సంతే ధనకొండా," అని.

ఓడ అంటే నిజంగా ఓడే. స్థిరనివాస హక్కు రాని కుటుంబాలన్నింటినీ రేవులో కట్టేసిన ఒక పాత ఓడలో పెట్టారు. ఇనుప గోడలు ఎప్పుడూ చెమ్మగిల్లి ఉంటాయి. పరుపు తిరగేస్తే కింద నల్లటి బూజు. ధనకొండ మొగుడు సింహాద్రికి ఆ చెమ్మ ఊపిరితిత్తుల్లోకి దిగింది. నేల మీద ఇల్లు కావాలంటే స్థిరనివాసం రావాలి. దాని కోసం వరసలో నిలబడ్డవాళ్ళు ఓడకి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్నారు.

సింహాద్రిని మొదటిసారి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించిన రోజు ధనకొండకి బాగా గుర్తు. ఆ డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. వేణి గబగబా, "మందులేసుకుని వెచ్చగా ఉండమన్నారు," అంది. గబగబా చెప్పిన బేరంలో ఏదో దాగి ఉంటుంది. బయటికి రాగానే బెంచీ మీద కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పింది.

వాళ్ళ ఒడ్డున పడవలు తీరం చేరగానే బేరాలు అలాగే జరిగేవి. నలుగురిలో ధర పైకి అనరు. తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టుకుని చెప్తారు. ఆడవాళ్ళు అదే పద్ధతిలో ఇంకో మాట కూడా చెప్పుకునేవారు. గంపలో చెడిన సరుకు పదికి ఎంత అన్నది. కొనేవాడు ఎదురుగా ఉంటే పైకి అనలేరు కదా. మూడు వేళ్ళు పట్టుకుంటే పదికి మూడు పోయినట్టు. పిడికిలి మూసి అరచేతిలో పెడితే గంపంతా కుళ్ళినట్టు, సముద్రంలో పారబోయాల్సిందే. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. తువ్వాలు కింద మాత్రం ఆడకూడదు. ఆడితే వల చిరుగుతుందని వాళ్ళ నమ్మకం. వల ఎరగని వేణికి కూడా ఆ భయం తల్లి పాలతో వచ్చింది.

"సెప్పు. మీ నాన్న గంపలో పదికి ఎన్ని?"

వేణి తువ్వాలు కింద తల్లి చెయ్యి వెతుక్కుంది. తరవాత ఐదు వేళ్ళూ పట్టుకుంది. వదిలి, మళ్ళీ రెండు.

పదికి ఏడు. ధనకొండ తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది. "పద, బస్సొత్తది," అంది. ఆ రోజు నుంచి ఆవిడకి కావలసింది ఒక్కటే. నేల మీద పొడి గది.

ఆ గది దొరికే దారి భాషాకేంద్రం వాళ్ళు పట్టుకొచ్చారు. కేంద్రంలో డాక్టర్ ఎస్పెన్ అని సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. చిన్నప్పటి నుంచి ఇంటివాళ్ళ కోసం రెండు భాషల మధ్య పడవ నడిపిన పిల్లల బుర్రలో, మిగతావాళ్ళకి లేని దారి ఒకటి తెరుచుకుంటుందని ఆయన కనిపెట్టాడు. అవతలివాడు మాట పూర్తిచెయ్యక ముందే వాడికేం కావాలో ఆ పిల్లలు పసిగడతారు. పసిగట్టాలి, ఇల్లు దాని మీద నడుస్తుంది కాబట్టి. ఆ పసిగట్టే గుణాన్ని నాలుక నరానికి కలిపితే, భాష రాకపోయినా మనసులోని ఉద్దేశం రుచిగా తెలుస్తుందట. రుచి తెలిస్తే మాట దానంతటదే వస్తుందట.

దానికి ఆయన చేసిన వస్తువు వేలి గోరంత ఉంటుంది. పలచగా, మెరుస్తూ. అంగిట్లో అంటించాలి. అప్పయ్యమ్మ దాన్ని చూసి, "ఓస్, బొచ్చె చేప పొలుసులా ఉందే!" అంది. ఓడలో దానికి ఆ పేరే నిలిచిపోయింది.

మొదటి రోజు పరీక్షకి ధనకొండ కూడా వెళ్ళింది. ఏ దేశంవాడో, ముసలి నావికుణ్ణి తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. వాడేదో అన్నాడు. వేణి కళ్ళు మూసుకుంది. బుగ్గలు లోపలికి పీల్చుకుంది, చింతకాయ చప్పరించినట్టు. తరవాత తెలుగులో అంది, "తన కొడుకు గురించి చెప్తున్నాడు. వాడు చచ్చిపోయాడని అంటున్నాడు. కాని వాడు బతికే ఉన్నాడు, ఈయనే వెళ్ళగొట్టాడు." అదే మాట డాక్టరుకి వాళ్ళ భాషలో చెప్పింది. నావికుడి మొహం పాలిపోయింది. డాక్టర్ ఎస్పెన్ మాత్రం చిరునవ్వుతో ఏదో రాసుకున్నాడు.

ధనకొండ అప్పుడు కొడుకుని వెళ్ళగొట్టిన ముసలాడి గురించి ఆలోచించలేదు. ఇలాంటి నాలుక సంతలో పక్కనుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించింది.

ఎలా ఉంటుందో వారంలోనే చూసింది. రేవులో చేపలు కొనడానికెళ్తే వేణి పక్కన నిలబడేది. అవతలివాడు ఏదో ధర అనేవాడు. "ఇంకా దిగుతాడమ్మా, లోపల పుల్లగా ఉన్నాడు," అనేది వేణి. దిగేవాడు. "ఇతనింక దిగడు, ఉప్పగా అయిపోయాడు," అనేది. దిగేవాడు కాదు. బేరంలో ఎదుటివాడి అడుగు కనబడ్డాక ఇక ఓడిపోవడమనేది లేదు. సంతలో ధనకొండ బల్ల మీది సరుకు మధ్యాహ్నానికే చెల్లిపోసాగింది.

ఓడలో ఆడవాళ్ళకి అదో ఆట అయ్యింది. "నేనెలా ఉంటానే వేణీ?" అని అప్పయ్యమ్మ అడిగింది.

"వెల్లుల్లి కారంలా ఉంటావు పెద్దమ్మా."

"అదీ! మంట లేని మనిషి మనిషేటే!" అని అప్పయ్యమ్మ పడీ పడీ నవ్వింది. "మరి మా ఆయనో?"

"పెదనాన్నకి రుచి రావడానికి ఆయన ఏదైనా మాట్లాడాలి కదా పెద్దమ్మా, నువ్వుండగా?"

అందరూ గొల్లున నవ్వారు. ధనకొండ కూడా నవ్వి, "మరి నేనో?" అంది.

వేణి చేతిలోని గిన్నె తోముతూ తల ఎత్తకుండా, "నీకేం రుచి లేదమ్మా," అంది.

గబగబా అంది. ధనకొండ ఆ గబగబాని విన్నది. విని, పక్కన పెట్టింది. అమ్మకాలు బాగున్నప్పుడు కొన్ని గంపల అడుగు చూడకపోవడమే మేలు.

తరవాత ఊళ్ళోవాళ్ళు పిలవడం మొదలైంది. వలస కచేరీ, ఆసుపత్రి, ఠాణా, అందరికీ పొలుసు పిల్ల కావాలి. ఒక మనిషి పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టి, మెట్ల మీంచి పడిందని చెప్పుకుంటుంటే ఆ మాటని వేణి తన నోట్లో పెట్టుకుని అవతలివాళ్ళకి అందించాలి. ముసలమ్మని ఆసుపత్రిలో వదిలేసి పోదామని వచ్చిన కొడుకు, మేం బాగా చూసుకుంటామని అంటుంటే అదీ పెట్టుకోవాలి. ఇంటికొచ్చి గుప్పెడు ఉప్పు తీసుకుని నాలుక తోముకునేది. నెత్తురొచ్చేదాకా తోముకునేది. ఉమ్మి పింగాణీ తొట్టిలో గులాబీ రంగులో జారేది.

"ఏటే ఆ తోముడు? నాలుకా, పెనమా?"

"ఆ ఆసుపత్రాయన చీము రుచమ్మా. పంటి కింద చితికినట్టుంటుంది. వాళ్ళమ్మ గురించి మాట్లాడుతుంటే ఇంకా తియ్యగా అయ్యింది. తియ్యటి చీము."

ధనకొండ ఉప్పు డబ్బా తీసి పైన పెట్టేసింది. అయినా మర్నాడు పొద్దున్న రేవుకి వెళ్ళేటప్పుడు, "పొలుసు పెట్టుకున్నావా?" అని అడిగింది. పిల్ల చెంపలు లోపలికి పోతున్నాయి. చేప తినదు, అన్నం తినదు. చన్నీళ్ళలో నానబెట్టిన రొట్టె మాత్రం మింగుతుంది, దానికి రుచి ఉండదు కాబట్టి. సింహాద్రి పక్క మీద నుంచి, "పిల్లని చూడవే కొండా, పుల్లలా అయిపోయింది," అన్నాడు. ఆ మాట అనడానికి మూడుసార్లు దగ్గాడు. ఆ దగ్గు విని ధనకొండ, పిల్ల సంగతి తరవాత చూద్దాం అనుకుంది.

అలాంటప్పుడు డాక్టర్ ఎస్పెన్ కబురు పెట్టాడు. ఇప్పటిదాకా వేణికి పెట్టింది ఊడదీసే పొలుసు. ఇకమీదట అంగిట్లో మాంసంతో కలిసి పెరిగేదాన్ని పెడతారట. ఒప్పుకుంటే ఆ కుటుంబమంతటికీ స్థిరనివాసం.

కేంద్రంలో తెల్లటి గది. బల్లకి అటు డాక్టరు, ఇటు తల్లీ కూతురూ. అలాంటి వాటిలో లాభనష్టాలన్నీ కన్నవాళ్ళకి వాళ్ళ భాషలోనే వివరించాలని ఆ దేశపు చట్టం. ఆ దేశం అటువంటి విషయాల్లో చాలా పట్టింపు గలది. వివరించడానికి తెలుగు తెలిసిన దుబాసీ కావాలి. స్కార్విక్‌లో ఉన్న దుబాసీ ఒక్కతే. ఆ పిల్ల తన అంగిటి బేరం తనే తల్లికి వినిపించడానికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు మాట్లాడాడు. నింపాదిగా, ఏదీ దాచకుండా, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ చాలాసేపు మాట్లాడాడు. అతను ఆపగానే వేణి అంది, "ఒకసారి పెడితే మళ్ళీ తియ్యరటమ్మా. కొన్నాళ్ళు తిండి సరిగ్గా సయించదట. తరవాత అలవాటవుతుందట. మనకి నేల మీద ఇల్లిస్తారట."

అతను గంప పోశాడు, ఇది దోసెడు ఇచ్చింది. ధనకొండకి ఆ తేడా తెలియకపోలేదు. కాని ఇల్లు అన్న మాట దగ్గర ఆవిడ చెవి ఆగిపోయింది. ఎదుటివాడు ఇంత సులువుగా ఇస్తున్నాడంటే ఇంకా ఇవ్వగలడు. ఎదుటివాడికి సరుకు మీద ఆశ ఉన్నప్పుడే పిండుకోవాలి.

"ఇల్లంటే ఎలాంటిదో అడుగు. ఎండ తగిలే గది కావాలి మీ నాన్నకి."

వేణి అడిగింది. డాక్టరు తలూపాడు.

"సంతలో బల్ల ఒద్దు. పక్కా కొట్టు కావాలను. తలుపున్న కొట్టు. ఇలాంటి నాలుక ఆడికింకెక్కడా దొరకదని సెప్పు. అందుకే అడుగుతున్నామను."

వేణి నోరు తెరిచింది. ఒళ్ళు ముందుకి వంగింది. చేత్తో నోరు మూసుకునే లోపలే బల్ల మీద కక్కేసింది. పొద్దుటి నానిన రొట్టె, పసుపు పచ్చటి పైత్యం, నూలుపోగులా నెత్తుటి జీర. అది బల్ల మీద పారి డాక్టరు మోచేతి దాకా వెళ్ళింది. అతను మోచెయ్యి పైకి తీసి, చేతిరుమాళ్ళ డబ్బా ముందుకి తోసి, గడియారం చూసుకున్నాడు.

ధనకొండ కూతురి నుదురు పట్టుకుంది. కోపమంతా డాక్టరు మీదికి మళ్ళింది. "ఎదవ నాయాలు! ఆడి మాటలకేనేటే? ఏటుందే ఆడి లోపల?"

వేణి మూతి తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది. "ఆయనకి రుచే లేదమ్మా. మరిగించి చల్లార్చిన నీళ్ళు. ఎప్పుడూ అంతే."

గదిలో మాట్లాడినవాళ్ళు ఇద్దరే.

ధనకొండకి అప్పుడు కంపు కొట్టింది. బల్ల మీది కక్కు కంపు కాదు. తన చీర కుచ్చెళ్ళలో, గోళ్ళ సందుల్లో, జుట్టులో ఎన్నేళ్ళగానో ఇంకిపోయి తనకి తెలియని కంపు, ఉన్నట్టుండి ముక్కు తెరుచుకున్నట్టు, ఒక్కసారి గుప్పుమంది. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి నోట్లో పెట్టుకుని నిలబడ్డ పిల్ల. తల్లిని వదిలేద్దామని వచ్చినవాణ్ణి పెట్టుకుని ఇంటిదాకా నడిచిన పిల్ల. వాళ్ళెవరి దగ్గరా కక్కలేదు. తనతో మాత్రం, నీకేం రుచి లేదమ్మా అంది. ఎన్నాళ్ళ నుంచి మింగుతోందో.

భుజం మీది తువ్వాలు తీసింది. ఇద్దరి చేతుల మీదా కప్పింది. డాక్టరు వింతగా చూశాడు.

"ఆడు సెప్పిందాన్లో పదికి ఎన్ని పోయాయే?"

వేణి తల్లి కళ్ళలోకి చూడలేదు. "ఇల్లొస్తుంది కదమ్మా. నాన్నకి పొడిగా ఉంటుంది."

"నోటితో కాదు."

తువ్వాలు కింద పిల్ల చెయ్యి చల్లగా ఉంది. వేళ్ళు ఒకటి పట్టుకున్నాయి, వదిలేశాయి. రెండు పట్టుకున్నాయి, వదిలేశాయి. తరవాత చిన్న చేతివేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని, గట్టి పిడికిలి ఒకటి వచ్చి ధనకొండ అరచేతిలో కూర్చుంది.

"ఇప్పుడు నోటితో సెప్పు."

వేణి చెప్పింది. ఈసారి గబగబా చెప్పలేదు. పొలుసు పెరిగాక తిండి రుచి అనేది ఇక ఉండదట, మనుషుల రుచి ఒక్కటే ఉంటుందట. నిద్రలో కూడా ఆగదట, గోడ అవతల ఎవరు మాట్లాడినా వస్తుందట. ముందు పెట్టించుకున్న ఇద్దరు పిల్లలూ నోటితో తినడం మానేశారట. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నారట. వాళ్ళు పని మాత్రం చాలా బాగా చేస్తున్నారట.

"ఇదంతా ఆడు సెప్పాడా?"

"మొదటే చెప్పాడమ్మా. నేనే చెప్పలేదు."

ధనకొండ డాక్టరు వైపు తిరిగింది. అరుస్తుందేమోనని వేణి భయపడింది. రేవులో ఆవిడ నోటికి తిరుగులేదు. కాని ఆవిడ సరుకు తూచేటప్పటిలా నెమ్మదిగా మాట్లాడింది.

"నే సెప్పింది సెప్పినట్టు సెప్పు. ఒక్క ముక్క తగ్గించావంటే ఊరుకోను. ఒరే బాబూ, కుళ్ళిన సరుకు నేనూ అమ్మాను. పైన మంచి చేపలు పేర్చి, కింద చెడ్డవి పెట్టి అమ్మాను. కాని 'నేను కుళ్ళిపోతాను' అని ఆ చేప నోటితోనే ఎప్పుడూ సెప్పించలేదు. నువ్వు అబద్ధం ఆడలేదు. నిజమే. నిజాన్ని పసిపిల్ల నోట్లో కుక్కి, ఆ పిల్ల మింగేస్తే నీ చేతులు కడుక్కున్నావు. నేను నీ కంటే మంచిదాన్ని కాదు. నాకు కొట్టు కావాలనిపించింది. ఆ మాట కూడా సెప్పు. సెప్పి, ఆ పొలుసు ఊడదీయమను."

వేణి చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. ఆ పిల్ల గొంతు మొదటిసారి అంత పైకి లేచింది. డాక్టర్ ఎస్పెన్ విని, తల పంకించి, సమాధానం చెప్పాడు.

"తీసేస్తాడట. మన దరఖాస్తు మళ్ళీ వరస చివరికి పోతుందట. రుచి కొంత ఉండిపోవచ్చట, ఎంతన్నది ఆయనకీ తెలియదట."

"తియ్యమను."

ఓడకి తిరిగొచ్చాక సింహాద్రికి ధనకొండే చెప్పింది, అప్పయ్యమ్మని అడ్డం పెట్టుకోలేదు. అతను విని ఇనుప గోడ మీది చెమ్మని చేత్తో తుడిచాడు. "మంచిపని చేశావే," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆవిడకి ఇక జీవితాంతం వినబడుతుందని తెలుసు. చేసిన బేరానికి ధర అది. ధర లేని బేరం లేదు.

ఆ శీతాకాలం పరుపు కింద చాపలు మార్చి మార్చి వేసింది. ఆసుపత్రికి తనే వెళ్ళడం మొదలుపెట్టింది, వేణిని బడిలోనే ఉండనిచ్చి. ఆ దేశపు భాషలో పది మాటలు నేర్చుకుంది, సగం తప్పు. ఊపిరి అనబోయి ఒకసారి ఉల్లిపాయ అందట. డాక్టరమ్మ నవ్వింది. ధనకొండ సిగ్గుపడలేదు. తప్పు మాటకి తనే నవ్వులపాలైతే నష్టం చిన్నది. ఇన్నాళ్ళూ ఆ నష్టం ఎవరి నోట్లో పడిందో ఇప్పుడు లెక్క తెలుసు.

పొలుసు తీశాక వేణి మెల్లిగా తినసాగింది. మొదట గంజి, తరవాత ఉప్పు వేసిన గంజి. ఒక ఆదివారం మధ్యాహ్నం నెత్తళ్ళ పులుసు వాసనకి తనే కంచం తెచ్చుకుని కూర్చుంది. ముద్ద పెట్టుకుంది. నమిలింది. మింగింది. రెండో ముద్ద కలుపుకుంది.

ధనకొండ ఎదురుగా కూర్చుని చూస్తోంది. అడగాలా వద్దా అని ఆ పిల్ల నాలుగో ముద్ద పెట్టుకునేదాకా ఆగింది. ఆఖరికి తువ్వాలు తీసి, కూతురి ఎడమచేతి మీద కప్పింది.

"నా మాట ఇంకా తగులుతోందా నీకు?"

వేణి తింటూనే తలూపింది.

"పదికి ఎన్ని?"

పిల్ల నమలడం ఆపింది. తువ్వాలు కింద ఆలోచించింది. అబద్ధం ఆడకూడని చోటు కాబట్టి కొంచెం సేపు పట్టింది. తరవాత మూడు వేళ్ళు పట్టుకుంది.

పదికి మూడు పోయిన గంప. ధనకొండ అలాంటివి ఎన్నో ఎత్తింది. వాటి కంపు ముక్కుకి తగులుతూనే ఉంటుంది. కాని ఒడ్డున కూర్చుని ఒక్కొక్కటే చేత్తో ఏరుకుంటే, మిగిలింది నిలుస్తుంది.

"ఇంకాస్త పులుసు ఎయ్యనా?" అంది.